సగానికి దించే షట్టరు

మా బజారులో ఒక మర్యాద ఉండాది. ఉండాది అంటే ఇప్పుడు లేదులే, ఉన్నింది. బజారులో అంగడి పెట్టినోడు ఎవురైనా పోతే, శవం బజారు మింద పోయేటప్పుడు అందరూ షట్టరు సగానికి దించల్ల. పూర్తిగా మూస్తే అది బందు కింద లెక్క. సగానికి దించితే మర్యాద. దించి, లోపల లైటు ఆర్పి, గిరాకీని కూడా రోంత ఆగమని చెప్పి, శవం దాటిపొయ్యేదాకా నిలబడల్ల. దాటినాక కొక్కెం కర్రతో మళ్ళా పైకి ఎత్తేది. ఆ గరగర శబ్దం ఒక్కో అంగడి నుంచి వరసగా వచ్చేది. మా నాయనకి ఆ శబ్దం అంటే పిచ్చి.

నిజంగా పిచ్చే. ఎవురన్నా పోతే చాలు, మా నాయన గల్లాపెట్టి కాడ మెడ సాచి షట్టర్లు ఎంచేవాడు. "బట్టలంగడాయనకి చివరాకరి దాకా దిగినాయి సూడు. సైకిలు షాపోడికి సగం అంగళ్ళు కూడా దించలా, నోటి దురుసు నాకొడుకు" అనేవాడు. పోయినోడి మంచీ చెడ్డా అంతా ఆయనకి షట్టర్లలోనే కనిపించేది. "నాకు మాత్రం బజారంతా దిగల్లరా. ఒక్కటి నిలబడినా పాడె మింద నుంచి లేచి కూర్చుంటా" అనేవాడు. నవ్వతానే అనేవాడు గానీ అది నవ్వులాట మాట కాదని మా ఇంట్లో అందరికీ తెల్సు.

మా ఊరు చిత్తూరికీ తిరపతికీ నడాన ఉండే చిన్న ఊరు. రైలు టేసను నుంచి బస్టాండు దాకా ఒకటే వీధి, అదే బజారు. ఒకప్పుడు ఈ ఊర్లో బ్రెడ్డు అంటే జరమొచ్చినోళ్ళు తినే వస్తువు. అది కూడా పొద్దున తిరపతి బస్సు టాపు మింద వస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మా నాయన బెల్లం మండీలో పని మానేసి బేకరీ పెట్టినప్పుడు జనం నవ్వినారంట. తర్వాత తర్వాత ఆయన పెండ్లిళ్ళలో, పంచాయితీల్లో రొమ్ము చరుచుకుని చెప్పేవాడు, ఈ ఊరికి బన్ను తినడం నేర్పింది నేనే అని. అబద్ధం. మా నాయనకి మైదాకీ గోధుమపిండికీ తేడా తెలిసేది కాదు. నేర్పింది మాస్టరు.

మాస్టరుది సూళ్లూరుపేట దిక్కు. మద్రాసులో పని నేర్చుకున్న మనిషి. భార్యనీ చంటిబిడ్డనీ తీసుకుని, ఒక ట్రంకుపెట్టితో మా ఊర్లో దిగినాడు. అంగడి వెనకాల పొయ్యి కట్టింది ఆయనే. అడుగున గాజు పెంకులూ రాతి ఉప్పూ పరిచి, దాని మింద ఇటికెలు పేర్చి, మట్టి మెత్తినాడు. వేడి పోకుండా ఉండాలంటే ఉప్పు పరచల్లంట. పొయ్యి కాగిందో లేదో తెలుసుకోను చిటికెడు మైదా లోపలికి చల్లేవాడు. అది ఎంతసేపటికి ఎర్రబడితే ఏం కాల్చల్లో ఆయనకి తెల్సు. బన్నులకి ఒక వేడి, రస్కులకి ఒక వేడి, కొబ్బరి బన్నుకి ఇంకో వేడి. ఆదివారం పొద్దున చర్చికి పొయ్యేదానికి రెండు గంటలు తప్ప ఆయన ఏనాడూ సెలవు అడగలేదు. మేమేమో ఆ రెండు గంటలకీ మొగం మాడ్చుకునేవాళ్ళం.

ఇంక గుడ్డు సంగతి చెప్పల్ల. బన్ను మింద ఎర్రగా, నున్నగా మెరిసే పొర ఉంటుంది సూడండి, అది రావాలంటే కాల్చే ముందు గుడ్డు సొన పుయ్యల్ల. పాలు పూసినా వస్తుంది గానీ అంత మెరుపు రాదు. మా ఊర్లో పెరుమాళ్ళ కోవిల ఉండే సన్నిధి వీధి నిండా వైష్ణవుల ఇండ్లు. కోవిల కైంకర్యం చేసేవాళ్ళు, అయ్యవార్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళు గుడ్డు వాసన తగిలిన గిన్నె కూడా ముట్టరు. వాళ్ళ కోసం మా నాయన వాకిట్లో బోర్డు రాయించినాడు, శుద్ధ శాకాహారం అని. రాయించి, వెనకాలకి వచ్చి మాస్టరుతో "మెరుపు మాత్రం తగ్గకూడదు, సొన పుయ్యి" అన్నాడు.

మాస్టరు ఒప్పుకోలా. "వొద్దు సామీ. తిననోళ్ళకి తెలీకుండా పెట్టేది పాపం. నేను పాలు పూస్తా, రోంత చక్కెర కలిపి పూస్తా" అన్నాడు. మా నాయన "పాపపుణ్యాలు చర్చిలో సూసుకో, ఈడ నేను చెప్పింది చెయ్యి" అన్నాడు. మాస్టరు ఆ పొద్దు నుంచి గుడ్లు కొట్టినాడు. ఆ పెంకులు చెత్తకుప్పలో కనబడితే గుట్టు రట్టవుతుందని వాటిని పొయ్యిలోనే కాల్చేసేవాళ్ళం. కాల్చే పని నాది. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఇరవై ఏండ్ల మొగోడిని, అంతకంటే పెద్ద పని నాకు మా నాయన ఇయ్యలేదు. ఈ సంగతి అప్పట్లో లోకంలో ముగ్గురికే తెల్సు. మా నాయనకి, మాస్టరుకి, నాకు.

అట్లా పన్నెండేండ్లు నడిచినాక ఒక క్రిస్మసు ముందు రోజు మాస్టరు మొదటిసారి పండగపూట సెలవు అడిగినాడు. కేకుల గిరాకీ అంతా ఆ రెండు రోజులే గదా, మా నాయనకి తిక్క లేచింది. అంగడి నిండా జనం ఉండంగా "నువ్వు లేకపోతే నా పొయ్యి మండదనుకుంటా ఉండావా? నీ మాదిరోళ్ళు టేసను కాడ పదిమంది పడుకోని ఉంటారు" అన్నాడు. మాస్టరు నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, గల్లాపెట్టి మింద పెట్టి దిగిపొయ్యినాడు. మూడు నెలలు తిరక్కముందే మాకు ఎదురుగా, సరిగ్గా ఎదురుగా, అంగడి తెరిచినాడు.

జనం రోడ్డు దాటేసినారు. దాటరా మరి? బన్ను ఆ చేతిది. మేం తెచ్చుకున్న కొత్తోడు చేసిన బన్నుతో కుక్కని కొడితే కుక్క చచ్చేది. సాయంత్రం పూట మా అంగట్లో ఈగలు, ఎదురంగట్లో మనుషులు. సన్నిధి వీధోళ్ళు కూడా ఆయన కాడికే పొయ్యేది మొదలుపెట్టినారు. ఆయన బన్నుకి మెరుపు తక్కువ. సొంత అంగడి గదా, పాలే పూసేవాడు. మా బన్ను మాత్రం ఎప్పటి మాదిరే సొనతో తళతళలాడతా, కొనేవాడు లేక ఎండిపోయేది.

సన్నిధి వీధిలో ఒకమ్మ ఉండేది. బడిలో నాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఆ వీధిలో ఆమె మాటంటే మాటే. ఒక పొద్దు మా అంగట్లోకి వచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది. "ఏమయ్యా, నువ్వు నా దగ్గర చదువుకున్నవాడివి, నాతో అబద్ధం చెప్పవు. ఈ బన్నుల్లో గుడ్డు వాడతారని ఎవరో అన్నారు. నిజమేనా?"

మా నాయన గల్లాపెట్టి కాడే ఉన్నాడు. నా పక్క చూసినాడు. నేను "మా దాంట్లో లేదమ్మా, ఎదురంగట్లో పూస్తారు" అన్నా. అంతటితో ఆపినా సరిపొయ్యేది. ఆపలా. "మాస్టరు మా కాడ ఉన్నప్పుడే దొంగతనంగా పుయ్యబోతే మా నాయన పట్టుకున్నాడు. అందుకే ఎళ్ళగొట్టినాం" అన్నా. ఈ రెండో మాట నాకు ఎవురూ నేర్పలేదు. మా నాయన కూడా నేర్పలేదు. నా అంతట నేనే కల్పించినా. చెప్తా ఉంటే నోటికి ఎంత బాగుణ్ణిందో ఇప్పటికీ నాకు గుర్తుండాది.

ఆ సాయంత్రమే సన్నిధి వీధి ఆడోళ్ళు ఆయన కాడ కొన్న పొట్లాలు తెచ్చి ఆయన మెట్ల మింద పారేసిపొయ్యినారు. వారం లోపల ఊరంతా మానేసింది. రోజూ గుడ్డు కూర తినే ఇండ్లోళ్ళు కూడా మానేసినారు. వాళ్ళకి గుడ్డుతో పేచీ లేదు, మోసం చేసినాడని కోపం. తిననోళ్ళ నోట్లో గుడ్డు పెట్టినోడికి సిగ్గుండల్ల అని టీ అంగట్ల కాడ కూర్చుని తీర్పులు చెప్పినారు.

మాస్టరు మా అంగడికి వచ్చినాడు. గొడవకి రాలా. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చర్చికి పొయ్యే మాదిరి వచ్చినాడు. అంగట్లో నలుగురు ఉండారు. మా నాయన పక్క చూడను కూడా చూడకుండా నా కాడికి వచ్చి నిలబడి "చిన్నబ్బా, నువ్వు చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు. పెంకులు కాల్చింది నువ్వే గదా" అన్నాడు.

"ఏం పెంకులు మాస్టరూ?" అన్నా నేను.

ఆయన మెట్లు దిగి ఎళ్ళిపొయ్యినాడు. మా నాయన ఆ పొద్దు అన్నం తింటా తింటా పొలమారేటట్టు నవ్వినాడు. "వాడు యాడా చెప్పుకోలేడురా. చెప్తే ఏమని చెప్తాడు? ఇన్నేండ్లూ పూసింది వాడి చెయ్యే గదా!" నిజమే. నోరు తెరిస్తే ఆయనే దొంగ, తెరవకపోయినా ఆయనే దొంగ. మా నాయన బేకరీ పని నేర్చుకోలేదు గానీ ఈ పనిలో మాత్రం మొనగాడు. నేనూ నవ్వినా, ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల గదా.

ఏడాది తిరక్కుండా ఆయన అంగడి మూసేసి, సూళ్లూరుపేట కాడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో చపాతీలు చేసే పనిలో చేరినాడు. రెండేండ్లకి పొయ్యినాడు. గుండె అన్నారు. వాళ్ళ సమాధుల తోట మా ఊరి చెరువు అవతల ఉండాది, పోయిన కొడుకొకడిని అంతకు ముందే ఆడ పూడ్చుకుని ఉన్నారు, అందుకని ఈడికే తెచ్చినారు. శవప్పెట్టె బజారు మింద వచ్చింది. ఆయన బజారులో ఏడాది అంగడి పెట్టిన మనిషి గదా. బట్టలంగడి సగానికి దించినారు. ఎరువులంగడి దించినారు. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన పాత్రలంగడోడు కూడా దించి, చేతులు కట్టుకుని నిలబడినాడు.

కొక్కెం కర్ర నా చేతిలో ఉండాది. మా నాయన "పెట్టు దాన్ని ఆడ. వాడు బజారు మనిషి కాదు" అన్నాడు. పెట్టేసినా. మా ఒక్క షట్టరే పూర్తిగా పైకి, మా ఒక్క లైటే వెలగతా ఉండాది. పెట్టె మా అంగడి ముందరికి వచ్చేతలికి ఏం చేయాల్నో తోచక, ఆరు బన్నులు కాగితంలో పెట్టి దారం చుట్టినా. విప్పినా. మళ్ళా చుట్టినా. అంగట్లో గిరాకీ ఎవురూ లేరు. తల ఎత్తకుండా ఉండేదానికి నాకు ఒక పని కావల్సి వచ్చింది, అంతే. పెట్టె వెనకాల నడిచే మాస్టరు కూతురు మాత్రం నన్ను చూసింది. ఎట్లా తెల్సంటే, చివర్లో ఒక్క క్షణం తల ఎత్తినా. ఆ పిల్లకి పదహైదేండ్లు ఉంటాయి. ఏడవతా లేదు. నా చేతుల పక్క చూస్తా ఉండాది.

తర్వాత బజారు మారిపాయ. రోడ్డు వెడల్పు చేసి అందరి అంగళ్ళ ముందర ఎనిమిదేసి అడుగులు కొట్టేసినారు. రేడియోలు బాగుచేసే అంగడి, ఫోటో స్టూడియో, పాత్రలంగడి పాయ. వాటి తావన సెల్లుఫోన్ల షాపులు వచ్చె. మాస్టరు కట్టిన పొయ్యి పొగకి పక్క మేడోళ్ళు గొడవ చేస్తే దాన్ని పగలగొట్టించి కరెంటు ఓవెను పెట్టినాం. పగలగొట్టినప్పుడు అడుగున గాజు పెంకులూ నల్లగా మాడిన ఉప్పూ బయటపడినాయి. కూలోళ్ళు దాన్ని రోడ్డు గుంతల్లో పోసినారు.

ఆరేండ్ల కింద మాస్టరు కూతురు వచ్చి అదే ఎదురంగడిని బాడిక్కి తీసుకుని బేకరీ పెట్టింది. చెన్నైలో నేర్చుకుందంట. బోర్డు మింద పెద్ద అక్షరాల్తో, గుడ్డుతో, గుడ్డు లేకుండా రెండూ దొరుకును అని రాయించింది. అట్లా రాస్తే ఎవురొస్తారని మా నాయన ఎగతాళి చేసినాడు. అందరూ వచ్చినారు. సన్నిధి వీధి మనవళ్ళూ మనవరాండ్లూ ఆమె వాకిట్లో నిలబడి ఎగ్ పఫ్ నోట్లో పెట్టుకుని ఊదుకుంటా తిన్నారు. లెక్కల టీచరమ్మ అప్పటికి పోయి చానా ఏండ్లయింది. ఇదంతా మా నాయన పక్షవాతం వచ్చి, మా అంగట్లో ప్లాస్టిక్కు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని చూసినాడు. వంకరపోయిన నోటితో రోజుకి ఒకసారన్నా నన్ను అడిగేవాడు. "ఆ పిల్ల దించుతాదారా?"

చేసింది తప్పు అని ఆయన ఒక్కనాడూ అనలేదు. ఆ మాట కోసం నేను ఎదురు చూసినా, నిజం చెప్తా ఉండా, నాకన్నా ముందు ఆయన అంటే నాకు సులువుగా ఉంటుందని. ఆయనకి కావల్సింది షట్టరు. ఆఖరి వారంలో మాట పడిపోతే చెయ్యెత్తి ఎదురంగడి పక్క చూపించి, ఆ చేతిని సగానికి దించి చూపించేవాడు. నేను "దించుతాదిలే నాయనా" అనేవాణ్ణి. ఆయనకి నా అబద్ధాలంటే మొదటి నుంచీ నమ్మకమే.

మా నాయన పొయ్యిన రోజు, బట్టలంగడాయన కొడుకు మర్యాదకి బజారంతా తిరిగి, శవాన్ని ఎత్తేది మూడు గంటలకి అని చెప్పొచ్చినాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సెల్లుషాపులోళ్ళు మేనేజర్ని అడగల్ల అన్నారప్పా. వాళ్ళవన్నీ గాజు తలుపులు, దించేదానికి ఏముండాది? పెద్ద కేకుల షాపులో ఏసీ పోతుందన్నారు. పాత షట్టర్లు ఆరో ఏడో ఉండాయి, వాళ్ళు దించుతారు. ఎదురంగడి పాప మాత్రం నిన్నే రమ్మనింది" అన్నాడు.

శవం ఇంట్లో ఉండంగా కొడుకు గడప దాటి అంగడికి పోకూడదు. పోయినా. చొక్కా లేదు, చెప్పులు లేవు, తల మింద పోసుకున్న నీళ్ళు ఇంకా కారతా ఉండాయి. ఆమె అంగట్లో ఐదారుగురు ఉండారు. ఆమె నన్ను చూసి, చేస్తా ఉండే పని ఆపి, చేతులు తుడుచుకుంది.

"రా అన్నా. షట్టరు కోసమేనా?"

"అవునమ్మా. మా నాయనకి అదొక్కటే..."

"గుడ్డు సంగతి చెప్పు. ఈడ, వీళ్ళ ముందర. మా నాయన నిన్ను అడిగింది అదే గదా."

చెప్పినా. మెట్టు మింద నిలబడి అంతా చెప్పినా. బోర్డు పెట్టి సొన పూయించింది మా నాయన. వద్దన్నది మాస్టరు. పెంకులు కాల్చింది నేను. టీచరమ్మకి అబద్ధం చెప్పింది నేను. మాస్టరు తన అంగట్లో ఒక్క గుడ్డు కూడా పుయ్యలేదు. ఇన్నేండ్లు గొంతులో పెట్టుకున్న మాట బయటికి వస్తే భూమి అదురుతుందని అనుకున్నా. పఫ్ తింటా ఉండే పిల్లోడొకడు ఫోన్లో నుంచి తల ఎత్తి "అయితే ఏందన్నా? గుడ్డే గదా" అన్నాడు. పక్కనుండే ఆడమనిషి "పాపం, తండ్రి పోయినాడంట, ఏందేందో మాట్లాడతా ఉండాడు" అనింది. ఇంకొకాయన తన కేకు ఎంతసేపట్లో అవుతుందని అడిగినాడు.

ఒక మనిషిని చంపిన మాట. ఈ పొద్దు దాన్ని ఉత్తగా ఇచ్చినా తీసుకునేవాడు లేడు. ఆమె ఒక్కతే విన్నది. మొత్తం విని, తల ఊపి "సరే అన్నా, పో. టైమవుతా ఉండాది" అనింది. దించుతాది, నాయనా దించుతాది అనుకుంటా ఇంటికి పరిగెత్తినా.

మూడు గంటలకి ఎత్తినారు. నేను నిప్పుకుండ పట్టుకుని ముందర నడస్తా ఉండా. బట్టలంగడి సగానికి దిగింది. ఎరువులంగడి దిగింది. మందులషాపు దిగింది. గాజు తలుపుల వెనకాల పిల్లోళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటా ఉండారు. పూర్తిగా మూసి పెట్టిన మా అంగడి ముందరికి వచ్చి, ఎదురంగడి పక్క చూసినా.

షట్టరు పూర్తిగా పైకి ఉండాది. అన్ని లైట్లూ వెలగతా ఉండాయి. నా కాళ్ళు నిలబడిపొయ్యినాయి. "నడువప్పా, ఆగకూడదు" అని వెనకాల నుంచి ఎవురో అరిచినారు. ఆమె అంగట్లో గిరాకీ ఎవురూ లేరు. ఉన్నోళ్ళని ముందే పంపించేసి ఉండల్ల. ఇప్పుడు బేకరీల్లో అన్నీ కవర్లూ అట్టపెట్టెలే గదా, ఆమె యాడ నుంచి తెచ్చిందో, ఒక పాత న్యూసుపేపరూ దారపుండా ముందర పెట్టుకుని ఉండాది. ఆరు బన్నులు కాగితంలో పెట్టి దారం చుట్టింది. విప్పింది. మళ్ళా చుట్టింది. మా నాయన ఆమె ముందర నుంచి దాటిపొయ్యేదాకా తల ఎత్తలేదు.